మిసిరి సాబుకు నేను వండిన ఫత్తా

మొన్న బక్రీద్ నాడు నేనేం వండిన్నో, ఎవలకు వండిన్నో తెలిస్తే మీరు ఈ చాయ్ గూడ నా చేతిది తాగరు. అందుకే మొదలు చాయ్ తాగుండ్రి. తాగిండ్రా? ఆఁ, ఇగ ఇనుండ్రి.

గంగారం, సాయిలన్నా, మీరిద్దరు నెల రోజుల సంది కల్బా సైటుల ఉన్నరు కాబట్టి మీకు తెలువది గని, ఈ దుబాయ్‌ల మన సత్వా బస్తీ మొత్తం నన్ను జూసి నవ్వుతున్నది. కింద కిరాణం కాకా గూడ నిన్న ఉల్లిగడ్డలు తూకమేసుకుంట, "క్యా బావర్చీ సాబ్, మేకలు బాగున్నయా?" అని అడిగిండు. మేకల ముచ్చట ఆయనకెట్ల తెలిసిందో నాకర్థం కాలే!

అయ్యింది ఏందంటే, పండుగకు వారం ముందు నేను అయిదో అంతస్తు మీద సరియ కడుతున్న. ఆగస్టు ఎండ మీకెరికే. ఇనుప సలాక పట్టుకుంటే చెయ్యి అతుక్కపోతున్నది. అప్పుడొచ్చిండు మా ఇంజనీరు సాబు. మిసిరోడు, అంటే ఈజిప్టు దేశపోడు. మంచి మనిషే. నోటితోని రెండు మాటలు, చేతులతోని ఇరవై మాటలు మాట్లాడుతడు. మనందరి పేర్లు యాది పెట్టుకునుడు ఆయనతోని కాదు. గంగారమైనా, సాయిలైనా, ఈ మల్లేశైనా, అందరిని "రఫీక్", అంటే దోస్తు, అనే పిలుస్తడు. ఆయన ఎనుక మన ఫోర్మన్, కడప యూసుఫ్ భాయి.

యూసుఫ్ భాయి అడిగిండు: "మీలో వంటొచ్చినోడు ఎవడైనా ఉండాడా? పండగనాడు సాబు ఇంట్లో దావత్తు. ముదీర్ వస్తాండాడు. వాళ్ళ దేశం వంట చెయ్యాల. సాబింట్లో ఏసీ ఉండాదిలే, ఉక్క పోయదు."

ఏసీ అన్న మాట ఇనంగనే నా చెయ్యి దానంతటదే పైకి లేసింది. నిజంగ నేను లేపలే!

సాయిలన్న, నువ్వు నవ్వకు. ఈ రూముల నా వంట వంతొచ్చిన్నాడు మీరంత హోటల్‌కు పోయి పరోటాలు తింటరు. నాకు తెలువదనుకున్నరా? అయినా చెప్పిన. "హైదరాబాదుల షాదీలల్ల బిర్యానీ వండినోన్ని సాబ్" అన్న. నేను పుట్టినంక హైదరాబాదు పోయింది రెండేసార్లు. ఒకసారి పాస్‌పోర్టు కాయితాలు ఇయ్యనీకి. ఇంకోసారి పాస్‌పోర్టు ఇంకెందుకు రాలేదని అడగనీకి.

యూసుఫ్ భాయి నన్ను కిందికెల్లి మీది దాక జూసిండు. "నిజమేనా అప్పా?"

"అమ్మతోడు భాయి."

"మీ అమ్మ చల్లగుండాల" అని గొణుక్కున్నడు. దిగిపోతా పోతా నన్ను పక్కకు పిల్సి అసలు సంగతి చెప్పిండు. సాబు పెండ్లాం కైరోల ఉన్నది. నెల కింద కాన్పయ్యింది, కొడుకు. టెలిగ్రాం వచ్చింది. సాబు ఆ టెలిగ్రాం జేబుల పెట్టుకొని తిరుగుతున్నడు గని, పిల్లగాని మొఖం ఇంకా సూడలే. సెలవు గావాలె, వాళ్ళను ఇక్కడికి తోల్కరానీకి కంపెనీ ఇల్లు గావాలె. రెండిటికి ముదీర్ సంతకం గావాలె. ముదీర్ అంటే మేనేజరు, ఆయన గూడ మిసిరోడే, పెద్దమనిషి. కంపెనీ అంత ఆయన చేతులనే ఉన్నది. ఆయన ముందుకు పోతే మా సాబుకు నోరు పెగలదు.

"ఆయప్ప కడుపు నిండా తిని ఖుషీగా ఉంటే అప్పుడు సాబు అడుగుతాడు. నువ్వు వంట చెడగొట్టినావో, బిడ్డ ఆడ, తండ్రి ఈడ. నువ్వు మళ్ళా ఎండలో. తెలిసిందా?"

"ఫికర్ చెయ్యకు భాయి" అన్న. నాకు ఏసీ తప్ప ఇంకేం ఇనవడలే.

పండుగ నాడు పొద్దుగాలనే సాబు నన్ను ఇంట్ల దింపి నమాజుకు పోయిండు. ఇల్లు సల్లగ ఉన్నది! గదంత తిరిగిన, ఏసీ ముందట కాసేపు నిలవడ్డ, అంగీ గుండీలు ఇప్పి మళ్ళ నిలవడ్డ. తర్వాత వంటింట్లకు పోయిన. టేబుల్ మీద ఇంతంత పెద్ద పళ్ళెం. దాంట్ల ఇరవై ముప్పై రొట్టెలు, అన్ని ముక్కలు ముక్కలు జేసి ఆరవెట్టి ఉన్నయి. ముట్టుకుంటే పటపట ఇరుగుతున్నయి. పాపం, పెండ్లాం లేని ఇల్లు గదా! ఎప్పటి రొట్టెలో ఏమో, పారేసెటోడు గూడ లేడు అనుకున్న. పక్కింటి అరబ్బు ముసలాయన పెరట్ల నాలుగు పాలమేకలు ఉన్నయి. గోడ మీదికెల్లి పళ్ళెం గుమ్మరిచ్చిన. మేకలు ఎంత సంబురంగ తిన్నయో! పుణ్యం జేసిన్ననుకున్న.

సాబు మాంసం పట్టుకొని వచ్చె సరికి తొమ్మిదయ్యింది. బయట కారు ఇంజను బంద్ చెయ్యకుండనే లోపటికి ఉరికొచ్చిండు. ముదీర్ ఇంటికి పోయి పండుగ సలాం చెప్పి ఆయన్ను తోల్కరావాలె. వంట పేరు ఫత్తా అన్నడు. అరబ్బీ సగం, హిందీ పావు, చేతులు పావు పెట్టి చెప్పిండు. మాంసం ఉడకవెట్టు, ఆ రసం జాగ్రత్త అన్నడు. అర్థమయ్యింది. తర్వాత "ఏష్ హై?" అన్నడు.

మనం దుబాయ్ వచ్చిన సంది ఏష్ అంటే ఏంది? బియ్యం, బువ్వ. ఇక్కడి అరబ్బులంత గట్లనే అంటరు. నేను బియ్యం సంచి మీద చెయ్యేసి, "హై సాబ్, బహుత్ ఏష్!" అన్న. సాబు అటు సూడనే లేదు, గడియారం సూసుకుంటున్నడు.

"ఏష్ నెయ్యిల ఎర్రగ గోలియ్యాలె. పళ్ళెంల కింద ఏష్. దాని మీద రసం. దాని మీద రోజ్" అన్నడు.

బియ్యం నెయ్యిల గోలిచ్చుడేందో అనుకున్న. వాళ్ళ దేశం పద్ధతి కావచ్చు. మరి రోజ్ అంటే? హిందీల రోజ్ అంటే దినాం. దినాం బువ్వ మీద ఏం ఏసుకుంటం? కూర! సాబు ఎంత మంచిగ సమజాయిస్తున్నడో అనుకున్న.

ఇగ పొయ్యేటప్పుడు అలుమారిల నుంచి ఒక సీసా తీసి, రాగి తాంబాలం పక్కన టక్కుమని పెట్టిండు. నా దిక్కు జూసి, "తోమ్!" అన్నడు.

నేను బిత్తరపోయిన. తెలుగు!

"తోమ్! కతీర్ తోమ్!" అన్నడు మళ్ళ. కతీర్ అంటే మస్తు అని మనకెరికే. మస్తుగ తోమాల్నట. సైటుల మనోళ్ళ నోట "నీళ్ళు", "దా", "తిన్నవా" ఇని ఇని ఆయన గూడ అనుడు నేర్సిండు గదా, గట్లనే ఇది గూడ నేర్సుకున్నడు అనుకున్న. నా కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. మా అవ్వ తర్వాత నాకు తెలుగుల గిన్నెలు తోమమని చెప్పింది ఈయననే!

సీసా మూత తీసి వాసన జూసిన. పులుపు ముక్కులకు గుంజింది. మన ఇండ్లల్ల ఇత్తడి బిందెలు చింతపండు పెట్టి తోమమా? ఇది గూడ గట్లాంటిదే. లెక్క సరిపోయింది.

ఇగ తోమిన. రాగి తాంబాలం తోమిన. గంజులు తోమిన, గంటెలు తోమిన. మస్తు అన్నడు గదా అని తలుపుల గొళ్ళాలు గూడ తోమిన. సీసా మొత్తం ఒడిసిపోయింది. తాంబాలంల నా మొఖం కనవడుతున్నది. నా మీసంల రెండు తెల్లెంటికలు ఉన్నయని నాకు ఆ దినమే తెలిసింది.

గిన్నెల అరుగు మీద కిలో ఎల్లిగడ్డలు కుప్ప పోసి ఉన్నయి. ఒక్క మనిషి ఇంట్ల ఇన్నెందుకబ్బా అనుకున్న. అంతల మతికొచ్చింది. బాలింత! మా ఊర్ల కాన్పయినామెకు ఎల్లిగడ్డ కారం పెడితేనే పాలు వడతయంటరు. సాబు పెండ్లానికి కైరో పంపనీకి కొన్నడు, పాపం ఎంత పావురం, ఎంత ప్రేమ! నేనే ఒక మంచి పని జేస్తనని పాత పేపర్ల సుట్టి, సుతిలితోని గట్టిగ కట్టి, పార్సల్ లెక్క జేసి అలుమారి మీద పెట్టిన.

తోముడు అయ్యె సరికి పన్నెండు దాటింది. మాంసం మాత్రం మెత్తగ ఉడికింది. అది నా తెలివి కాదు, తోముకుంట దాన్ని మర్సిపోయిన. ఇగ నెయ్యి కాగవెట్టి పచ్చి బియ్యం పోసిన. ఎర్రగ కావాల్నన్నడు గదా! కొన్ని ఎర్రగయినయి, కొన్ని నల్లగయినయి, కొన్ని పేలాల లెక్క ఎగిరి నా మెడకు తాకినయి. ఇల్లంత పొగ. ఆ పొగ పోవాలని కిటికీలు తీస్తే ఏసీ సల్లదనమంత పోయింది. ఎండ తప్పిచ్చుకుందామని వచ్చినోడు ఆఖరికి పొగల నిలవడి దగ్గుతున్నడు!

తాంబాలంల ఆ బియ్యం పోసి, మీద వేడి రసం పోసిన. బియ్యం రసం తాగి మెత్తబడుతయనుకున్న. అవి ఎక్కడియి అక్కడనే ఉన్నయి, వాన పడ్డంక కంకర తేలినట్టు. దాని మీద మాంసం పేర్చి, తెల్ల బట్ట కప్పిన.

ఒకటిన్నరకు వచ్చిండ్రు. మా సాబు, ముదీర్, ఇంకో నలుగురు మిసిరోళ్ళు. ముదీర్ తెల్ల మీసాలు, బంగారు ఫ్రేము అద్దాలు, నవ్వు అనేది మొఖంల ఎక్కడ లేదు. కూసోంగనే ఏదో అన్నడు. సాబు నాకు హిందీల చెప్పిండు: "ముదీర్ ఫత్తా తిని మూడు పండుగలయ్యిందట. పొద్దటి సంది ఏం తినకుండ వచ్చిండు."

నేను వంటింట్లకు పోయి అంగీ గుండీలు పెట్టుకున్న. తాంబాలం ఎత్తుకపోయి నడుమ పెట్టిన. సాబు లేసి నిలవడి, పెండ్లిపిల్ల ముసుగు తీసినట్టు బట్ట మెల్లగ తీసిండు.

ఒకాయన గొంతు సవరిచ్చుకున్నడు.

సాబు వంగి సూసిండు. గంటెతోని మాంసం పక్కకు జరిపి సూసిండు. గంటె బియ్యానికి తాకి కరకరమన్నది. ముదీర్ రెండు గింజలు నోట్లేసుకున్నడు. టక్కుమని సప్పుడు నాదాక ఇనవడ్డది. ఆయన చెంప పట్టుకున్నడు.

"ఏష్ ఎక్కడ?" అన్నడు సాబు.

"ఇదే గదా సాబ్, ఏష్!" అని బియ్యం సూపెట్టిన.

"తోమ్ ఎక్కడ?"

"తోమిన సాబ్! మస్తు తోమిన!" అని తాంబాలం అంచు సూపెట్టిన. "మొఖం సూసుకోండ్రి!"

సాబు ఆ అంచుల తన మొఖమే సూసుకున్నడు. గంత దిగాలు మొఖం నేను ఇంతవరకు సూడలే.

ఆ టైముకే దేవుడు పంపినట్టు యూసుఫ్ భాయి పండుగ సలాం చెప్పనీకి వచ్చిండు. సాబు ఆయన రెండు చేతులు పట్టుకొని లోపటికి గుంజి, ఏమైందో నన్ను అడగమన్నడు. నేను మొదటికెల్లి చెప్పిన. చెప్పుకుంట చెప్పుకుంట ఉంటే యూసుఫ్ భాయి గోడకు ఆనుకున్నడు, తర్వాత మెల్లగ జారి నేల మీద కూసున్నడు.

"ఒరే అప్పా! ఏష్ అంటే ఈడి అరబ్బులకు బియ్యంరా. మిసిరోళ్ళకు రొట్టె! రోజ్ అంటే బియ్యం! ఆ ఎండబెట్టిన రొట్టెలు ఏం చేసినావ్?"

నేను కిటికీ దిక్కు వేలు పెట్టిన. అందరు లేసి కిటికీ కాడికి పోయిండ్రు. పక్కింటి పెరట్ల ఒక మేక ఆఖరి ముక్క నములుకుంట మా దిక్కే సూస్తున్నది.

"తోమ్ అంటే ఎల్లిగడ్డరా నాయనా! ఆ సీసాలోది సిర్కా, వంటలో పోసే వెనిగర్. దాంట్లో ఎల్లిగడ్డ దంచి వెయ్యాల. నీకు తెలుగులో ఎందుకు చెప్తాడురా?"

సాబు కుర్సీల కూలవడ్డడు. ముదీర్ లేసి వచ్చి ఆయన భుజం మీద చెయ్యేసి, "మాలేష్, మాలేష్" అన్నడు.

ఇన్నరా? నా పేరు! మా సాబుకే తెలువని నా పేరు ముదీర్‌కు తెలిసిపోయింది! అయిపాయె, పేరు రాసుకున్నరు, ఇంటికి పంపుతరు అనుకున్న. ఉరికి పోయి చేతులు కట్టుకొని, "జీ సాబ్" అన్న.

ముదీర్ నన్ను జూసి, మళ్ళ సాబు భుజం తట్టి, "మాలేష్" అన్నడు. నేను ఇంకో అడుగు ముందుకేసి, "హాజర్ హై సాబ్" అన్న. నా కడుపు ఆయన మోచేతికి తగిలింది.

"వీడెవడు, నా మీద పడుతున్నడు?" అని ముదీర్ యూసుఫ్ భాయిని అడిగి, నా దిక్కు తిరిగి నీ పేరేందన్నడు.

"మల్లేశ్ సాబ్."

"సరే సరే. పేరేంది?"

"మల్లేశ్ సాబ్."

"అది ఇన్న. పేరు చెప్పు!"

"మల్లేశ్!" నేను ఏడుపు గొంతుతోని అరిసిన.

వాళ్ళ భాషల మాలేష్ అంటే "పోనీలే, ఏం కాదు" అని అట! నాకేం ఎరుక? యూసుఫ్ భాయి ఆ సంగతి చెప్పంగనే ముదీర్ మొఖంల ఎక్కడో మూలకు కదలిక వచ్చింది. మీసాలు వణికినయి. తర్వాత అద్దాలు తీసి కండ్లు తుడుసుకునుడే పనయ్యింది ఆయనకు. మిగిలిన నలుగురు ఒకల మీద ఒకలు పడి నవ్వుతున్నరు. మా సాబు ఒక్కడే నవ్వలే.

నవ్వు ఆగినంక ముదీర్ చొక్కా చేతులు మడిసిండు. "ఆకలైతున్నది. ఎల్లిగడ్డలు పట్రా, నేనే చేస్త" అన్నడు.

నేను అలుమారి మీదికెల్లి పార్సల్ దించి ఆయన చేతుల పెట్టిన. ఆయన సుతిలి ముడి ఇప్పుకుంట, ఎల్లిగడ్డలకు ఈ కట్టుడేందని అడిగిండు. యూసుఫ్ భాయి నన్ను అడిగిండు. నేను చెప్పిన: "బాలింతకు భాయి. సాబు పెండ్లానికి. ఎల్లిగడ్డ తింటే పిల్లగానికి పాలు మంచిగ వస్తయి. కైరో పంపనీకి కట్టిన."

యూసుఫ్ భాయి సాబు దిక్కు జూసిండు. తర్వాత ముదీర్‌కు అంత అరబ్బీల చెప్పిండు.

ముదీర్ చేతిల ముడి ఆగిపోయింది. "ఏ పిల్లగాడు?" అన్నడు.

సాబు నేల సూపులు సూస్తున్నడు. జేబులకెల్లి టెలిగ్రాం తీసి ఇచ్చిండు. మడతల కాడ చిరిగిపోయింది అది, అన్నిసార్లు ఇప్పి మడిసిండు. ముదీర్ సదివి ఏదో గట్టిగ అన్నడు. నాకు తిడుతున్నట్టే ఇనవడ్డది. యూసుఫ్ భాయి నా చెవుల మెల్లగ చెప్పిండు: "నెల రోజుల బిడ్డను చూడకుండా ఈడ నాకు దావత్తు ఇస్తాండావా, నాకు చెప్తే తింటానా నిన్ను, అంటాండాడు. ఎల్లుండే సెలవు కాగితం తెమ్మంటాడు. ఇల్లు కూడా ఇస్తాడంట."

సాబు ముదీర్ చెయ్యి రెండు చేతులతోని పట్టుకొని ఊపిండు. తర్వాత వచ్చి నన్ను గట్టిగ అలుముకున్నడు. ఆయన అత్తరు వాసన, నా నెయ్యి పొగ వాసన ఒక్కటయ్యినయి.

ఇగ అసలు వంట అప్పుడు మొదలయ్యింది. ఒకాయన పోయి తాజా రొట్టెలు, సిర్కా తెచ్చిండు. ముదీరే రొట్టెలు నెయ్యిల గోలిచ్చిండు. ఎల్లిగడ్డ దంచి నెయ్యిల ఏసి సిర్కా పోస్తే, సుయ్యిమన్నది సూడు, వీధంత వాసన! కింద రొట్టె, మీద రసం, దాని మీద తెల్లటి బువ్వ, దాని మీద మాంసం. నాలుగు గంటలకు తిన్నం. మొదటి పళ్ళెం ముదీర్ నాకే ఇచ్చిండు. నేను మూడుసార్లు ఏసుకున్న. సిగ్గు వడలే, పొద్దటి సంది నేను గూడ ఏం తినలే గదా. నా బియ్యం మేకలకు పోస్తే, వాసన జూసి మొఖం తిప్పుకున్నయి.

చేతులు కడుక్కునేటప్పుడు యూసుఫ్ భాయిని పట్టుకున్న. "భాయి, ఇంత మంచి జరిగింది గదా నాతోని. సాబు ఇంట్ల వంట పని నాకే ఇయ్యమని ముదీర్‌ను అడుగు. ఇగ నేర్సుకుంట."

యూసుఫ్ భాయి పోయి అడిగిండు. ముదీర్ నన్ను పై నుంచి కింది దాక జూసిండు, ఆలోచన జేసిండు, ఒక పన్ను మీద నాలుక తిప్పుకున్నడు. నా బియ్యం గింజ కొరికిన పన్ను అది. చిన్నగ ఒక మాట చెప్పిండు: వద్దు.

రేపటి సంది నేను మళ్ళ సరియ మీదికే.

ఇప్పుడు మీరే చెప్పుండ్రి. పదంతస్తుల బిల్డింగు నా చేతుల పెట్టిండ్రు, అది కూలుతదని ఎవ్వలకు బుగులు లేదు. గిన్నెడు బియ్యం మాత్రం నమ్మి నా చేతుల పెట్టరట!